మెరుపు కింద మరో పేరు

పెళ్లికార్డులు చేసేవాళ్లకి మనుషుల మీద నమ్మకం తక్కువ. పేర్లన్నీ దగ్గర కూర్చుని సరిచూసి, బాగుందని చెప్పి వెళ్లినవాళ్లే, కార్డులు చేతికొచ్చాక "మా పెదనాన్న పేరు పైనుండాలన్నాం కదా" అని తగాదాకి వస్తారు. అందుకే నేను ఏ ఫైలూ చెరపను. ఎవరేం చెప్పారో ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకుంటాను. మా ఆయన "నీకు పెళ్లివాళ్లంతా దొంగల్లాగే కనిపిస్తారే" అంటూ ఉంటారు. ఆ మాట నిజమే.

విజయనగరం కోట దగ్గర ఒక సందులో నా షాపు. డిజైను నేనే చేస్తాను. అచ్చు బయట ప్రెస్సులో వేయిస్తాను. ఆ తరవాత కార్డు మీద చేసే హంగులన్నీ ఊరి చివర ఒక షెడ్డులో జరుగుతాయి. ఆ షెడ్డు నడిపేది మా ఆయన స్నేహితుడు. మేమంతా ఒకే చర్చికి వెళ్తాం. నన్ను వదినా అని పిలుస్తాడు.

ఆ హంగుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది స్పాట్ యువీ. ముందు కార్డంతా మెరుపు లేని మ్యాట్ పొరతో కప్పేస్తారు. దాని మీద మనకి కావలసిన చోట మాత్రమే వార్నిషు వేస్తారు. చట్రానికి బిగించిన సన్నటి జాలీలో డిజైను మేరకే కన్నాలు తెరిచి ఉంటాయి. వార్నిషు అందులోంచి దిగి కార్డు మీద అంటుకుంటుంది, దీపం కిందినుంచి వెళ్లగానే గట్టిపడుతుంది. దానికి రంగంటూ ఉండదు. కార్డుని ఎదురుగా పట్టుకుంటే ఏమీ కనిపించదు. కాస్త వాల్చి వెలుగు పడనిస్తే అప్పుడు మెరుస్తుంది. చూసినవాళ్లు "అరే" అంటారు. ఆ "అరే" కోసమే నేను ఈ పని చేస్తున్నానేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

ఆ అమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. శృంగవరపుకోట దాటాక కొండల వైపు ఊరు వాళ్లది. తరాలుగా వరీ, చెరకూ వేసుకుంటున్న ఇల్లు. అమ్మాయి పక్క ఊళ్లోని పశువుల ఆసుపత్రిలో పనిచేస్తోంది. నా ఆల్బమ్‌లు ఒక్కటీ తెరవలేదు. ఫోన్ తీసి, శ్రీముఖలింగం గుడి గడప రాతి మీద చెక్కిన తీగ ఫోటో చూపించింది.

"ఈ తీగ కార్డు మీదికి వస్తాదా అక్కా?"

"వస్తాది. కానీ కనపడీ కనపడనట్టు చేస్తే ఇంకా బాగుంటాది" అన్నాను.

ముదురు మెరూన్ కార్డు. అంచుల పొడుగునా వార్నిషుతో రాతి తీగ. నడిమధ్య కోడిగుడ్డు ఆకారంలో పెద్ద మెరుపు, ఆ మెరుపు పొర అడుగునే మీగడ రంగులో పెళ్లికూతురి పేరూ పెళ్లికొడుకు పేరూ. వాళ్ల నాన్న బండి నీడలో పెట్టడానికి బయటికి వెళ్లినప్పుడు, ఆ అమ్మాయి గొంతు తగ్గించి "నా పేరు పక్కన డిగ్రీ వెయ్యొద్దక్కా. కాలేజీ పేరు అసలే వద్దు" అంది. డిగ్రీ వెయ్యమని పేచీ పెట్టేవాళ్లనే చూశాను గానీ వద్దన్నవాళ్లని చూడలేదు. అయినా సరేనన్నాను.

కార్డులు బాగా వచ్చాయనే అనుకున్నాను. ప్యాకెట్టు విప్పి, పైనున్నదాన్ని ట్యూబులైటు కింద ఆడించి చూసి, తీగ పడిందని సంతోషించి పంపేశాను.

వాళ్ల నాన్న మళ్లీ వచ్చినప్పుడు ఒక్కడే వచ్చాడు. ముఖం నల్లబడి ఉంది. జేబులోంచి కార్డు తీసి, నా చేతికివ్వకుండా, తలుపు దగ్గర ఎండలో పట్టుకున్నాడు.

"ఓపాలి ఇలగొచ్చి సూడమ్మా. పేర్ల కింద ఏటున్నాది?"

చూశాను. కోడిగుడ్డు మెరుపులో, మా అక్షరాల వెనక, ఇంకేవో అక్షరాలున్నాయి. రంగు లేదు, గీత లేదు. మెరుపులోనే కొంచెం ఎక్కువ మెరుపు, కొంచెం తక్కువ మెరుపు, అంతే. గుండ్రటి వంపులు, పైన కొమ్ముల్లాంటివి. ఎండలో తప్ప ఇంకెక్కడా తెలియదు.

"మగపిల్లాడి నాన్న సూసినాడు. ముందెవుడికో ఈ గుంటని కాయం సేసీసి, ఆ కార్డులే మళ్లీ అచ్చేసి మాకు పంపినారని అంటన్నాడు. ఎర్రగీత సుట్టి ఫోన్‌ల గ్రూపులో పెట్టీసినాడు. మా సుట్టాలందరూ సూసినారు."

"అలా అచ్చేసిన దాని మీద అచ్చెయ్యడం కుదరదండి" అన్నాను.

"నాకు సెప్పకమ్మా. ఆలకి సెప్పు" అన్నాడు. గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువుంది. వెళ్లబోతూ ఆగి, నా వైపు ఒకలా చూసి, "మా గుంట నీతో ఏటైనా సెప్పిందేటి?" అని అడిగాడు. లేదన్నాను. నమ్మినట్టు లేడు.

అతను వెళ్లగానే వార్నిషు ఫైలు తెరిచాను. తీగ, కోడిగుడ్డు, ఇంకేమీ లేవు. ఎంత పెద్దది చేసి చూసినా లేవు. షెడ్డుకి ఫోన్ చేసి, కార్డు మీద ఇంకేవో అక్షరాలు కనిపిస్తున్నాయన్నాను.

"నాకు పంపిందే నేను కొట్టాను వదినా. ఏటైనా ఉంటే నీ ఫైల్లోనే ఉంటాది. నీ కంప్యూటర్ ఎవురైనా ముట్టుకున్నారేమో సూడు" అన్నాడు అతను. తప్పెవరిదని అడగకముందే అంత గబగబా జవాబు చెప్పడం నాకు నచ్చలేదు. ఇంతకుముందు పక్క బజారు షాపతను నా డిజైన్లు కాపీ చేశాడు. అతని కార్డులూ ఈ షెడ్డులోనే అవుతాయి. నన్ను చెడగొట్టడానికి ఇద్దరూ కలిసి ఏమైనా చేశారా? ఆలోచన ఒకసారి మొదలైతే ఆగదు. ఆదివారం చర్చిలో అతను ముందు వరుసలో నిలబడి పాడుతుంటే, నేను పాట వదిలేసి అతని మెడ వెనక భాగాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆ తరవాత పెళ్లికొడుకు తండ్రే స్వయంగా వచ్చాడు. కళింగపట్నం దారిలో ఊరు వాళ్లది. సర్వేయరుగా రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో భూతద్దం. కుర్చీలో కూర్చునే ముందే గోడ మీద బైబిలు వాక్యాల క్యాలెండరు చూశాడు, నన్ను చూశాడు.

"మీరు కిరస్తానీలా? మరి ముహూర్తాలూ అయ్యీ మీకెలగ తెలుస్తాయి?"

"కస్టమర్లు రాసిస్తారండి. ఉన్నది ఉన్నట్టు వేస్తాను."

"ఉన్నదున్నట్టే వేస్తారా?" అని, కార్డు మీద భూతద్దం పెట్టి, పెన్ను కొసతో ఆ వంపుల్ని చూపించాడు. "ఇది రా. ఇది మ. కొస నాకు పోల్చడం కావట్లేదు. మగపేరే. నేను నలబై యేళ్లు చెరిగిపోయిన గట్లు పట్టుకున్నోడినమ్మా, నా కళ్లు మోసపోవు. ఈ సంబంధానికి ముందు ఆళ్లు మీకాడ ఏ కార్డయినా ఆర్డరిచ్చినారా?"

"లేదండి."

"ఆ గుంట ఒక్కతీ ఎప్పుడైనా వచ్చిందా?"

"లేదండి."

"మిమ్మల్ని ఏటైనా దాచమన్నాదా?"

ఆ ప్రశ్నకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కాలేజీ పేరు వద్దన్న మాట గుర్తొచ్చింది. లేదనే చెప్పాను గానీ, మధ్యలో వచ్చిన ఆ కాస్త ఖాళీని ఆయన పట్టేశాడు. భూతద్దం మూసి జేబులో పెట్టుకుని, తృప్తిగా లేచాడు.

ఆయన వెళ్లాక ఇంకో మార్పు వచ్చింది నాలో. అప్పటిదాకా షెడ్డతన్ని అనుమానించాను. ఇప్పుడు ఆ అమ్మాయిని అనుమానించడం మొదలుపెట్టాను. గొంతు ఎందుకు తగ్గించింది? వాళ్ల నాన్న బయటికి వెళ్లేదాకా ఎందుకు ఆగింది? కార్డుని ఎండలో పట్టుకుని నేనూ చదవబోయాను. ఆయన చెప్పిన రా, మ నిజంగానే కనిపించాయి. ముందు కనిపించనివి, ఆయన చెప్పాక కనిపించాయి.

మర్నాడు మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చింది, ఒంటరిగా. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతుల దగ్గర మందు వాసన. లోపలికి రాగానే గాజు తలుపు మూసేసింది. కౌంటరు మీద కార్డు పెట్టి, కూర్చోకుండానే అడిగింది.

"మీకెవులు సెప్పినారక్కా?"

"ఏమిటి?"

"ఆ పేరు. మీకెవులు సెప్పినారు? నాతో చదివినోలు ఎవులైనా మీకు తెలుసా? నామీద కక్షేటి మీకు?"

"నేను ఏ పేరూ వెయ్యలేదమ్మా. మీ కాబోయే మావగారు రా, మ అని చదివారు. అదేమిటో నాకు తెలీదు."

ఆమె ముఖం మారింది. "రా, మ?" అంది నెమ్మదిగా. "ఇది స కదా?"

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. తన నోటితో తనే చెప్పేసిందని ఆమెకి అర్థమైంది. కుర్చీలో కూలబడింది. మంచినీళ్లిచ్చాను. తాగి, కార్డు వైపు చూస్తూ చెప్పింది. కాలేజీలో ఒకతను ఉండేవాడు. పెళ్లి దాకా అనుకున్నారు. అతనే వెనక్కి తగ్గాడు. అది అయిపోయి చాలా కాలమైంది. ఇంట్లో తెలీదు. ఈ కార్డులో ఆ పేరు కనిపించగానే, ఎవరో కావాలనే చేశారనీ, ఇక దాగదనీ అనుకుంది.

"ఆల నాన్న నోట ఇనడం కన్నా నా నోట ఇంటే మేలని, పొద్దున్న ఫోన్ సేసి పెళ్లికొడుక్కి అంతా సెప్పీసినాను" అంది.

"ఏమన్నాడు?"

"ఏటీ అన్లేదు. పెట్టీసినాడు."

నేనూ కార్డు వైపే చూశాను. కార్డు ఆమె వైపు తిరిగి ఉంది, కౌంటరుకి ఇవతల కూర్చున్న నాకు తలకిందులుగా. మూసిన గాజు తలుపులోంచి ఎండ వచ్చి సరిగ్గా దాని మీద పడుతోంది. పెళ్లికూతురి పేరూ పెళ్లికొడుకు పేరూ తలకిందులుగా ఉన్నాయి. వాటి వెనక ఉన్న అక్షరాలు మాత్రం, మొదటిసారి, నిటారుగా ఉన్నాయి.

జీడిపప్పు.

మళ్లీ చదివాను. జకి గుడి దీర్ఘం, తరవాత డి, ప. చివరి ప్పు వత్తు కొస మాత్రం కోడిగుడ్డు అంచు దగ్గర తెగిపోయింది. కొంచెం వంపు తిరిగిన ఆ రాత నాకు తెలుసు. పలాస నుంచి వచ్చే జీడిపప్పు డబ్బాల మీద ఉండే రాత. ఆ డబ్బాల షీట్లు షెడ్డులో దొంతరగా ఉండగా చూశాను. ఒకే జాలీని కడిగి మళ్లీ మళ్లీ వాడతారు, పాత డిజైను మందుతో సరిగా కడగకపోతే జాలీలో దాని మరక మిగిలిపోతుంది. అదే చట్రాన్ని తలకిందులుగా తిప్పి ఇంకో పనికి వాడితే, మరక ఉన్నచోట వార్నిషు తేడాగా దిగుతుంది. దిగినంత మేరా పాత రాత కొత్తదాని వెనక నిలబడుతుంది.

ఆ క్షణంలో చెప్పాలా వద్దా అని నిజంగానే ఆలోచించాను. చెబితే తను చేసిన ఫోన్‌కి అర్థం లేకుండా పోతుంది. చెప్పకపోతే ఆమె ఇంకా లేని శత్రువుల కోసం వెతుక్కుంటుంది. కార్డుని తిప్పి ఆమె వైపు జరిపాను.

కాసేపు చూసింది. పెదాలు కదిలాయి. చదివేసింది.

"జీడిపప్పా?" అంది. నవ్వింది. ఆ నవ్వు నవ్వుగానే మొదలై, మధ్యలో ఏడుపైపోయింది. "అయితే నాను ఊరికినే సెప్పీసినానా అక్కా?"

వెంటనే షెడ్డుకి వెళ్లాను. అతను ఒప్పుకోలేదు. "ఈ మధ్య జాలీలన్నీ కొత్తవే వదినా" అన్నాడు. గోడవారగా పెట్టిన చట్రాల్ని ఒక్కొక్కటే బయటికి తెచ్చి ఎండకి ఎత్తి పట్టుకున్నాను. ఆపబోయాడు గానీ, నా ముఖం చూసి ఊరుకున్నాడు. దొరికింది. మా తీగ, మా కోడిగుడ్డు, దానికి అడ్డంగా పాలిపోయిన పసుపు మరకలో జీడిపప్పు. అతను చట్రం వైపూ నా వైపూ చూసి, "మందు అయిపోయింది వదినా ఆ రోజు. సగం సగం కడిగీసినాను. కనపడదనుకున్నాను" అన్నాడు. పక్క బజారు షాపతనికీ దీనికీ ఏ సంబంధం లేదు. నా ఊహలన్నీ ఊహలే. ఆ చట్రం కడగొద్దని చెప్పి, ఫోటో తీసి, జీడిపప్పు డబ్బా ఫోటోతో కలిపి రెండిళ్లకీ పంపాను.

పెళ్లికొడుకు తండ్రి ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. పెద్దగా నవ్వుతున్నాడు. "జీడిపప్పుకి నేను మగపేరు పెట్టీసినానమ్మా" అన్నాడు. ఆయనకి సంగతి అక్కడితో అయిపోయింది. ఆ అమ్మాయి కొడుక్కి ఫోన్ చేసి చెప్పిన సంగతి ఆయనకి తెలీదు, కొడుకు చెప్పలేదు.

కొడుకు రెండ్రోజుల తరవాత షాపుకి వచ్చాడు. సన్నటి మనిషి, శ్రీకాకుళంలో ఎరువుల కంపెనీలో ఉద్యోగం. చాలాసేపు ఆల్బమ్‌లు తిరగేస్తూ కూర్చున్నాడు. తరవాత తలెత్తకుండా అడిగాడు.

"ఈ ఫోటోలు మీరే చేశారాండి?"

"తీశాను."

"తీయడం కాదు. చేశారా అని. మీరు డిజైనర్ కదా, ఏదైనా చెయ్యగలరు. ఆవిడ మీకాడికి వచ్చిందంట కదా."

అతని మీద కోపం రావాలి. రాలేదు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. షట్టరు దించి, అతని బండి వెనకే నా స్కూటీ మీద షెడ్డుకి తీసుకెళ్లాను. చట్రం అతని చేతికే ఇచ్చాను. ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. మరక మీద గోటితో గీకి చూశాడు. పాతదే. ఎవరో నిన్న పూసింది కాదు. కిందపెట్టి చేతులు దులుపుకున్నాడు.

"నిజమే" అన్నాడు.

"మరింకేమిటి మీ అనుమానం?"

షెడ్డు అరుగు మీద కూర్చున్నాడు. లోపల దీపం కిందినుంచి ఎవరివో కార్డులు వరసగా వెళ్తున్నాయి. "పాత సంగతి నాకు పెద్ద విషయం కాదండి. అందరికీ ఏదో ఒకటి ఉంటాది. కానీ ఆవిడ నాకు చెప్పింది దొరికిపోయాను అనుకుని. దొరక్కపోతే చెప్పేదా?"

"ఆ మాట నన్నడిగితే ఏం లాభం? ఆమెనే అడగండి" అన్నాను.

పెళ్లి ఆగింది. ఆపింది గొడవ పెట్టిన తండ్రి కాదు, కొడుకు. కారణం చెప్పలేదు. రెండిళ్లలోనూ మళ్లీ గుసగుసలు. అమ్మాయి నాన్న నాకు ఫోన్ చేసి, "జీడిపప్పని తేలిపోనాది కదమ్మా, మరింకేటీ?" అని అడిగాడు. తెలిసి కూడా తెలీదనాల్సి వచ్చింది. నేను పని మానెయ్యలేదు గానీ, మెరుపు పెట్టమని ఎవరైనా అడిగితే ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేదాన్ని.

ఆ తరవాత ఏం జరిగిందో ఆ అమ్మాయే చెప్పింది. అతను ఒక ఉదయం ఆమె పనిచేసే పశువుల ఆసుపత్రికి వచ్చాడట. ఆమె అప్పుడు ఒక రైతు గేదెకి సూది వేస్తోంది. అతను గేటు బయటే నిలబడ్డాడు. గేదె కదులుతుంటే రైతు అతన్నే పిలిచి తాడు పట్టుకోమన్నాడట. పట్టుకున్నాడు. సూది అయ్యాక, తాడు చేతిలో ఉండగానే అడిగాడు, దొరక్కపోతే చెప్పేదానివా అని.

"నువ్వేమన్నావు?"

"సెప్పకపోదును అన్నాను. సెప్పేదాన్నని అబద్ధమాడితే అయిపోయేది. కానీ మరి ఆ పని సెయ్యలేకపోనాను అక్కా. ఇప్పుడు కాదు, ఇంకెప్పుడైనా సెబుదునేమో, అదీ తెల్దు అన్నాను."

"అతనేమన్నాడు?"

"ఆ గేదెని తీసుకెళ్లి కట్టీసి వచ్చినాడు. తరవాత 'నేనైనా సెప్పనేమో' అన్నాడు. టీ తాగినాం."

మాఘంలో పెళ్లయింది. కార్డులు మళ్లీ నా దగ్గరే వేయించారు, తెల్ల కార్డు, నల్ల అక్షరాలు, ఇంకేమీ వద్దన్నారు. పెళ్లికి మా ఆయనా నేనూ వెళ్లాం. పందిట్లో భోజనాల దగ్గర పెళ్లికొడుకు తండ్రి నన్ను గుర్తుపట్టి పక్కనే కూర్చున్నాడు. పనసకాయ కూర మళ్లీ వడ్డించమని నా కోసం కేకేశాడు. ఆయనకి ఇప్పటికీ సగం కథే తెలుసు. ఆ సగంతో హాయిగా ఉన్నాడు. తన చిన్న కూతురికి సంబంధం కుదిరిందనీ, ఆ కార్డు కూడా నేనే చెయ్యాలనీ అన్నాడు.

"ఈసారి మెరుపు పెడతారా, వద్దా?" అని అడిగాను.

"పెట్టమ్మా, నాకిష్టమే" అని, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ ఆగాడు. "కానీ ఆ షెడ్డేదో ఎక్కడున్నాదో సెప్పు. కార్డులు కొట్టే రోజు నేనూ వస్తాను."